వేడికి కరగని పట్టుదల: బేకలైట్ బేక్‌లాండ్ కథ

ఈ పేజీ పక్కన పెట్టి ఒక్క నిమిషం వంటగదిలోకి వెళ్లండి. స్టవ్ మీద ఉన్న ప్రెషర్ కుక్కర్‌ని చూడండి. గిన్నె ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నల్లటి పిడి మాత్రం ఒట్టి చేత్తో పట్టుకోవచ్చు. అది మెత్తబడదు, కరగదు, షాక్ కొట్టదు. ఇప్పుడు మీ ఫోన్ గుర్తు తెచ్చుకోండి. లోపల బోర్డు మీద నల్లటి పెంకులు తొడుక్కున్న చిన్న చిన్న చిప్‌లు ఉంటాయి కదా, వాటిలో చాలావాటి పెంకుకూ ఈ కుక్కర్ పిడికీ దగ్గరి చుట్టరికం ఉంది.

ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీలో పాలిమర్ల చాప్టర్ చదివే ఉంటారు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపితే నోవోలాక్, దాన్ని మరింత ఫార్మాల్డిహైడ్‌తో వేడి చేస్తే బేకలైట్ అని రెండు మార్కుల కోసం బట్టీ పట్టి, పరీక్ష అయ్యాక వదిలేసి ఉంటారు. నేనూ అంతే. ఆ ఒక్క లైను వెనక ఓ మనిషి జీవితం ఉందని, అది ఉద్యోగం వెతుక్కునే మనకు బాగా పనికొస్తుందని బీటెక్ అయిన చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు. ఆయన పేరు లియో బేక్‌లాండ్.

చెప్పులు కుట్టే ఇంట్లో..

బెల్జియంలోని ఘెంట్ నగరంలో 1863 నవంబరు 14న పుట్టారు లియో. తండ్రి చెప్పులు కుట్టేవారు. తల్లి ఇళ్లలో పనిచేసేది. కొడుక్కి 13 ఏళ్లు రాగానే తన పక్కన కూర్చోబెట్టి పని నేర్పాలన్నది తండ్రి ఆలోచన. తల్లి ఒప్పుకోలేదు, చదవాల్సిందేనని పట్టుబట్టింది. కుర్రాడు సాయంత్రం క్లాసులకు కూడా వెళ్లి కెమిస్ట్రీ, మెకానిక్స్ నేర్చుకున్నాడు. నగర పాలక సంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1880లో ఘెంట్ యూనివర్సిటీలో చేరాడు. 21 ఏళ్లకే, 1884లో, డాక్టరేట్ చేతికొచ్చింది.

చిన్నప్పటి నుంచి ఫొటోగ్రఫీ అంటే పిచ్చి. సిల్వర్ నైట్రేట్ కొనడానికి డబ్బుల్లేక, తండ్రి ఇచ్చిన గడియారానికున్న వెండి గొలుసునే ఆమ్లంలో కరిగించేశాడంటారు. ఇంట్లో ఎన్ని తిట్లు పడ్డాయో ఊహించుకోండి!

తర్వాత ఆయన యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు. 1889లో తన ప్రొఫెసర్ కూతురు సెలీన్‌ని పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ట్రావెల్ స్కాలర్‌షిప్ మీద భార్యతో కలిసి అమెరికా వెళ్లారు. చూసి వద్దామని వెళ్లినవారు అక్కడే ఉండిపోయారు. న్యూయార్క్‌లో ఫొటోగ్రఫీ సామగ్రి తయారుచేసే కంపెనీలో కెమిస్టుగా ఉద్యోగం దొరికింది. బెల్జియంలో పర్మనెంట్ ప్రొఫెసర్ కొలువు ఉండగా ఈ నిర్ణయం తీసుకోవడం మాటలు కాదు.

అన్నీ సగం సగం

రెండేళ్లకే, 1891లో, ఉద్యోగం మానేసి స్వతంత్ర కన్సల్టెంట్ అయ్యారు. బుర్రలో ఐడియాలకు కొదవలేదు. ఓ పక్క ఇది, ఇంకో పక్క అది అంటూ ఒకేసారి చాలా పనులు మొదలుపెట్టారు. ఏదీ పూర్తి కాలేదు, చేతిలో డబ్బులైపోయాయి. పైగా జబ్బు చేసి మంచం పట్టారు. ఆ మంచం మీదే ఆయనకు ఒక విషయం తట్టింది: సగం సగం పనులు పది చేసేకన్నా, త్వరగా ఫలితమిచ్చే ఒక్క పనిని పట్టుకుని చివరిదాకా తేల్చాలి.

ఇక్కడ నా గోడు కాస్త వినండి. బీటెక్ అయ్యాక ఏడాదిలో నేను ఐదు ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టాను. పైథాన్ సగం, వీఎల్‌ఎస్‌ఐ సగం, డేటా సైన్స్ పావు వంతు. రెజ్యూమె మాత్రం నిండుగా కనిపించేది. ఒక ఇంటర్వ్యూలో అందులోంచి ఒకే ఒక్క ప్రాజెక్టు ఎంచుకుని, ఆ పార్ట్ అదే ఎందుకు వాడావు, వేరేది వాడితే ఏమవుతుంది అని అడిగారు. నోరు పెగల్లేదు. బేక్‌లాండ్ జబ్బుపడ్డ ఘట్టం చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ గదే.

ఆయన పట్టుకున్న ఆ ఒక్క పని ఫొటో కాగితం. అప్పట్లో ఫొటో ప్రింట్ తీయాలంటే చాలావరకు ఎండ మీద ఆధారపడాలి. మబ్బు పడితే పని ఆగిపోతుంది. దీపం వెలుతురులోనే ప్రింట్ తీయగల కాగితం చేయాలన్నది ఆయన లక్ష్యం. అలా పుట్టిందే ‘వెలాక్స్’. 1893లో భాగస్వామితో కలిసి నెపెరా కెమికల్ కంపెనీ పెట్టారు. అది ఆర్థిక మాంద్యం రోజులు. ముందు ఎవరూ కొనలేదు. తలపండిన ఫొటోగ్రాఫర్లు డబ్బా మీద రాసిన సూచనలు చదవకుండా పాత అలవాటు ప్రకారం వాడి, కాగితం బాగాలేదన్నారు. సూచనలు బుద్ధిగా పాటించిన కొత్తవాళ్లకు చక్కటి ప్రింట్లు వచ్చాయి. నెమ్మదిగా పేరొచ్చింది.

1899లో కొడాక్ అధిపతి జార్జ్ ఈస్ట్‌మన్ ఈ వ్యాపారాన్ని కొనేశారు. ధర 7.5 లక్షల డాలర్లని ఎక్కువగా చెబుతారు. 50 వేలు అడుగుదాం, బేరమాడితే 25 వేలకైనా దిగుదాం అనుకుంటూ వెళ్లిన బేక్‌లాండ్, ఈస్ట్‌మన్ ముందుగా అంకె చెప్పేసరికి నివ్వెరపోయారని ఓ కథ ప్రచారంలో ఉంది. జీతం మాట్లాడుకునేటప్పుడు తొందరపడి మన అంకె మనమే తగ్గించేసుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు దొరకలేదు.

35 ఏళ్లకు మళ్లీ స్టూడెంట్

అప్పటికి ఆయన వయసు 35. కూర్చుని తిన్నా తరగని డబ్బు, హడ్సన్ నది ఒడ్డున యాంకర్స్‌లో పెద్ద ఇల్లు ఉన్నాయి. అమ్మకపు ఒప్పందం వల్ల ఫొటోగ్రఫీ పరిశోధనలోకి మళ్లీ అడుగుపెట్టే వీల్లేదు. అంటే తనకు బాగా వచ్చిన పనే చేయకూడదు. ఆయనేం చేశారో తెలుసా? 1900లో జర్మనీ వెళ్లి విద్యార్థులతో పాటు కూర్చుని ఎలక్ట్రోకెమిస్ట్రీ నేర్చుకున్నారు. తిరిగొచ్చి నయాగరా జలపాతం దగ్గర ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా, క్లోరిన్ తీసే విద్యుత్ ఘటాన్ని మెరుగుపరచడంలో పనిచేశారు. అక్కడ ల్యాబ్‌లో పనిచేసేదానికీ ఫ్యాక్టరీలో పనిచేసేదానికీ తేడా ఆయనకు అనుభవంలోకి వచ్చింది.

ఇంటి ఆవరణలోనే సొంత ల్యాబ్ పెట్టుకున్నారు. ఇక తర్వాతి సమస్య వెతుక్కోవాలి. దాని మూలం మన దేశపు చెట్ల మీద ఉంది.

లక్కతో వచ్చిన చిక్కు

మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కాపురముంటాయి. అవి స్రవించే జిగురును శుద్ధి చేస్తే వచ్చేదే లక్క. అప్పట్లో ప్రపంచానికి లక్క ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేది. కరెంటు తీగ చుట్టలకు, మోటార్లకు ఇన్సులేషన్‌గా లక్క పూసేవారు. విద్యుత్ పరిశ్రమ పరుగందుకునేసరికి గిరాకీ విపరీతంగా పెరిగింది. ఫ్యాక్టరీ రెండు షిఫ్టులు నడిపితే సరుకు రెట్టింపవుతుంది గానీ పురుగులు రెండు షిఫ్టులు పనిచేయవు కదా!

లక్కకు ఇంకో పెద్ద లోపం ఉంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే కళాకారుల్ని ఎప్పుడైనా చూశారా? తిరుగుతున్న చెక్కకు రంగు లక్క కర్రను ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క మెత్తబడి చెక్కంతా పరుచుకుంటుంది. బొమ్మకు అది వరం. మోటారుకు అదే శాపం. మోటారు వేడెక్కితే ఇన్సులేషన్ మెత్తబడుతుంది, తీగకు తీగ తగిలి మోటారు కాలిపోతుంది. భారతంలో లక్క ఇల్లు కట్టించినవాడికి కూడా ఈ పదార్థం గుణం బాగానే తెలుసు.

కాబట్టి కావాల్సింది లక్కలా పూయడానికి వీలుండి, గట్టిపడ్డాక వేడికి మళ్లీ కరగని పదార్థం. బేక్‌లాండ్ కొత్తగా ఏదో కనిపెడదామని మొదలుపెట్టలేదు. ముందు పాత పరిశోధన పత్రాలు తిరగేశారు. 1872లో జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ ఫినాల్‌ను ఆల్డిహైడ్లతో కలిపితే జిగురులాంటి ముద్ద వస్తుందని రాశారు. రంగుల రసాయనాల మీద దృష్టి పెట్టిన వాళ్లకు అది పనికిరాని చెత్త. గాజు పాత్రకు అతుక్కుంటే ఏ ద్రావణికీ కరగదు, పాత్ర పారేయాల్సిందే. ఏ ద్రావణికీ కరగకపోవడమే మనకు కావాల్సిన గుణం కదా అని బేక్‌లాండ్‌కు తోచింది.

సహాయకుడు నథానియెల్ థర్లోతో కలిసి ముందు లక్కలా ద్రావణిలో కరిగే రెసిన్ చేశారు. దానికి ‘నోవోలాక్’ అని పేరు పెట్టారు. మార్కెట్లో అది లక్కను పక్కకు నెట్టలేకపోయింది. ఫెయిల్ అనుకోండి. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీనితో పనుంది.

ఇడ్లీ పాత్రలో దాగిన రహస్యం

1907 జూన్‌లో ఆయన దారి మార్చారు. చెక్కలోకి ఈ రసాయనాల్ని ఇంకించి గట్టిపరచాలని మూసిన గొట్టాల్లో పెట్టి వేడిచేశారు. తీసి చూస్తే చెక్క కన్నా, దాని చుట్టూ గొట్టంలో గట్టిపడిన పదార్థమే అసలు విశేషమని అర్థమైంది.

అంతకు ముందు వాళ్లంతా ఎక్కడ తప్పారు? ఈ చర్యలో చాలా వేడి పుడుతుంది, నీరు విడుదలవుతుంది. ఆ నీరు ఆవిరై, మిగిలిన ఫార్మాల్డిహైడ్ వాయువై బుడగలు కక్కితే ముద్ద స్పాంజిలా తయారవుతుంది. అందుకని అందరూ వేడి తగ్గించి మెల్లగా చేయాలని చూశారు. బేక్‌లాండ్ దానికి సరిగ్గా ఎదురు వెళ్లారు. వేడి పెంచారు, దాంతోపాటు ఒత్తిడీ పెంచారు. ఆ ఒత్తిడికి బుడగలు పుట్టవు. ఇందుకు ఆవిరితో పనిచేసే పెద్ద ఇనుప పాత్ర చేయించారు. దాని పేరు ‘బేకలైజర్’. ఒక రకంగా అదో భారీ ప్రెషర్ కుక్కర్!

ఆయన చర్యను మూడు దశలుగా విడగొట్టారు. మొదటి దశలో ద్రవంగానో, కరిగే ముద్దగానో ఉంటుంది. రెండో దశలో వేడికి మెత్తబడుతుంది గానీ పూర్తిగా కరగదు. మూడో దశలో రాయిలా బిగుస్తుంది. ఇక వెనక్కి రాదు. బెల్లం పాకం గట్టిపడ్డా మళ్లీ వేడి చేస్తే కరుగుతుంది, లక్క ఆ జాతి. ఇడ్లీ అలా కాదు. ఉడికిన ఇడ్లీని ఎంత వేడి చేసినా మళ్లీ పిండి అవ్వదు. బేకలైట్ ఇడ్లీ జాతి. ఇంజినీరింగ్ భాషలో మొదటిది థర్మోప్లాస్టిక్, రెండోది థర్మోసెట్.

ఎందుకు కరగదు? ప్రతి ఫినాల్ వలయానికీ పక్క అణువుతో చెయ్యి కలపగల చోట్లు మూడు ఉంటాయి. రెండే ఉంటే పొడుగాటి గొలుసు వస్తుంది. గొలుసులు వేడికి ఒకదాని మీద ఒకటి జారతాయి, అంటే కరుగుతాయి. మూడు ఉండటం వల్ల అన్ని దిక్కులా ముడిపడిన వల తయారవుతుంది. వలలో జారడానికి చోటుండదు. సాధారణ రకాలు సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా నిలకడగా పనిచేస్తాయి. ఇంకా బాగా కాలిస్తే కరిగి కారిపోవు, బొగ్గుగా మారతాయి.

పెద్ద అణువులంటే ఇలా బంధాలతో అల్లుకున్నవని హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించింది 1920లో. అంటే బేక్‌లాండ్ పనిచేసేనాటికి ఈ వల సిద్ధాంతమే లేదు. ఆయన దగ్గర ఉన్నవి థర్మామీటరు, ప్రెషర్ గేజ్, ప్రతి ప్రయోగాన్నీ వదలకుండా రాసుకున్న నోట్‌బుక్కులు.

ఒక్క రోజు తేడా

1907 జులై 13న పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఇంగ్లండ్‌లో జేమ్స్ స్విన్‌బర్న్ అనే ఇంజినీరు ఇదే పదార్థం మీద విడిగా పనిచేస్తున్నారు. ఆయన దరఖాస్తు ఒక్క రోజు ఆలస్యమైంది. ఒక్క రోజు! అప్లికేషన్ల చివరి తేదీ దాకా ఆగే అలవాటున్న మనందరికీ ఇది చెంపదెబ్బే. అయితే స్విన్‌బర్న్ ఏడుస్తూ కూర్చోలేదు. తర్వాతి కాలంలో బ్రిటన్‌లో ఏర్పడిన బేకలైట్ లిమిటెడ్‌కు ఆయనే చైర్మన్ అయ్యారు.

1909 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో బేక్‌లాండ్ తన పదార్థాన్ని లోకానికి చూపించారు. ఆ డిసెంబరులో పేటెంట్ వచ్చింది. ఫ్యాక్టరీ పెట్టే ఉద్దేశం ఆయనకు మొదట్లో లేదు, లైసెన్సులిచ్చి ఊరుకుందామనుకున్నారు. కానీ తీసుకున్న కంపెనీలు వేడి, ఒత్తిడి లెక్కలు సరిగ్గా పాటించలేకపోయాయి. వెలాక్స్ కాగితం కథే మళ్లీ. దాంతో 1910లో జనరల్ బేకలైట్ కంపెనీ పెట్టి తనే రంగంలోకి దిగారు.

చెక్క పొడి, బట్ట, కాగితం

ఒట్టి బేకలైట్ రెసిన్ పెళుసు. కింద పడితే పగులుతుంది. అందుకని చెక్క పొడి కలిపి అచ్చుల్లో పోశారు. బట్ట, కాగితం పొరల్ని రెసిన్‌లో ముంచి, దొంతరగా పేర్చి, వేడి ప్రెస్‌లో నొక్కితే గట్టి పలకలు వచ్చాయి. గట్టిదనం ఒకదానిది, దెబ్బకు తట్టుకునే గుణం ఇంకొకదానిది. ఇప్పుడు మనం కాంపోజిట్ అంటున్నది దీన్నే.

ఇక్కడ మన ప్రాంతానికి తగిలే విశేషం ఒకటుంది. అప్పట్లో వేడిని తట్టుకునే ఇన్సులేటర్ అంటే అభ్రకం, అంటే మైకా. మన గూడూరు ప్రాంతం మైకా గనులకు పెట్టింది పేరు. 1913లో అమెరికాలో ఇద్దరు ఇంజినీర్లు మైకా బదులు రెసిన్ పలకలు వాడొచ్చని కంపెనీ పెట్టారు. మైకాకు బదులు అన్న అర్థం వచ్చేలా దానికి ‘ఫార్మైకా’ అని పేరు పెట్టారు. వంటింటి గట్లకూ, బల్లలకూ అతికించే సన్‌మైకా తరహా షీట్ల వంశం అక్కడ మొదలైంది.

టెలిఫోన్లు, రేడియో పెట్టెలు, కార్ల ఇగ్నిషన్ భాగాలు.. ఎక్కడ కరెంటు, వేడి కలిసి ఉంటే అక్కడ బేకలైట్ చేరింది. పేటెంట్ల మీద ఏళ్ల తరబడి కోర్టు గొడవలు నడిచాయి. చివరికి 1922లో ప్రత్యర్థి కంపెనీలు రెండూ వచ్చి బేక్‌లాండ్ సంస్థలోనే కలిసిపోయాయి. 1924లో ఆయన అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షుడు, అదే ఏడాది టైమ్ పత్రిక ముఖచిత్రం కూడా.

నాణేనికి రెండోవైపు

ఇంతటితో ఆపేస్తే ఇది మోటివేషన్ వీడియో అవుతుంది. బేక్‌లాండ్ చివరి దశ అంత ఉజ్వలంగా లేదు. వ్యాపారం చూసుకోవడం మీద కొడుక్కి ఆసక్తి లేదు, తండ్రీకొడుకుల మధ్య పొసగలేదు. 1939లో కంపెనీని యూనియన్ కార్బైడ్‌కు అమ్మేశారు. ఫ్లోరిడా ఇంట్లో ఒంటరిగా, డబ్బాల్లోని ఆహారం తింటూ గడిపారు. 1944 ఫిబ్రవరి 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ఓ శానిటోరియంలో కన్నుమూశారు.

పదార్థానికీ రెండోవైపు ఉంది. కరగకపోవడమే దాని గొప్ప, అదే దాని తప్పు. కరిగించి మళ్లీ పోయలేం కాబట్టి రీసైక్లింగ్ చాలా కష్టం. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. పాత రోజుల్లో వేడి తట్టుకోవడానికి కొన్ని రకాల్లో ఆస్బెస్టాస్ కూడా కలిపేవారు. ఈ చిక్కులకు పరిష్కారం ఇంకా కావాలి. అంటే ఈ రంగంలో మీ తరానికి పని మిగిలే ఉంది.

ఫెయిలైన నోవోలాక్ ఏమైంది?

లక్క ముందు ఓడిపోయిన నోవోలాక్ గుర్తుందా? సిలికాన్ మీద సర్క్యూట్ గీతలు ముద్రించడానికి పూసే ఫొటోరెసిస్ట్‌లలో దశాబ్దాల పాటు ప్రధాన రెసిన్ అదే. ఇప్పటికీ వాడుతున్నారు. చిప్‌కు తొడిగే నల్లటి పెంకులో నోవోలాక్ తరహా ఎపాక్సీ, సిలికా పొడి ఉంటాయి. చంద్రుడి మీదికెళ్లిన అపోలో నౌకల వేడి కవచంలోనూ ఎపాక్సీ నోవోలాక్ ఉంది. ఫినాలిక్ రెసిన్ ఇంకించిన కార్బన్ కవచం 2012లో క్యూరియాసిటీ రోవర్‌ను అంగారకుడి మీద క్షేమంగా దింపింది. వేడికి పైపొర బొగ్గై, తాను కాలిపోతూ లోపలి వస్తువును కాపాడుతుంది.

ఇప్పటి ఎలక్ట్రానిక్స్‌కు పరీక్ష ఇంకా కఠినం. సీసం లేని సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బోర్డు ఫర్నేస్‌లో దాదాపు 250 డిగ్రీల దాకా చూస్తుంది. అంత వేడిలోనూ బోర్డు వంగకూడదు, పొరలు విడిపోకూడదు. అందుకే హై టీజీ ఎపాక్సీలు, పాలీఇమైడ్లు, సయనేట్ ఎస్టర్లు వచ్చాయి. టీజీ అంటే పాలిమర్ గాజులా బిగుసుకున్న స్థితి నుంచి మెత్తబడే ఉష్ణోగ్రత.

మీకేంటి ఉపయోగం?

కెమికల్, మెకానికల్, ఈసీఈ, మెటలర్జీ లేదా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతుంటే ఈ రంగాన్ని ఓసారి చూడండి. పాలిమర్ కోర్సులకు సిపెట్ క్యాంపస్‌లు హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీలో పాలిమర్ల మీద పరిశోధన జరుగుతోంది. డీఆర్‌డీవో అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ క్షిపణుల కోసం కాంపోజిట్లు తయారుచేస్తుంది.

మొదలుపెట్టడానికి మూడు పనులు చాలు.

1. టీజీ, క్యూరింగ్, వ్యాకోచ గుణకం అనే మూడు మాటల్ని లెక్కలతో సహా అర్థం చేసుకోండి. పాలిమర్‌ను వేడి చేసి పరీక్షించే డీఎస్‌సీ, టీజీఏ గ్రాఫులు చదవడం నేర్చుకోండి. కాలేజీలో మెషీన్ లేకపోయినా అచ్చయిన గ్రాఫులతో సాధన చేయొచ్చు.

2. ప్రాజెక్టు నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ వేయండి. పోయిన ప్రయోగాలు కూడా రాయండి. ఎవరి ఫెయిల్యూర్ ఏ రోజు అక్కరకొస్తుందో నోవోలాక్‌ని చూస్తే తెలుస్తుంది.

3. మొదలుపెట్టిన నాలుగింటిలో ఒక్కదాన్ని ఈ సెమిస్టర్‌లో పూర్తి చేయండి. మిగతా మూడింటిని మూసేయండి. ఇది కష్టం. నాకైతే ఏడాది పట్టింది.

ఇక ఇంటర్వ్యూలో ఎవరైనా బేకలైట్ గురించి అడిగితే రెండు మార్కుల జవాబు చెప్పి ఆపేయకండి. మీ ఇంట్లో కుక్కర్ పిడి ఎందుకు కరగదో చెప్పండి, ఆ మూడు చేతుల వల గురించి చెప్పండి. ఆ తర్వాత ప్రశ్న వాళ్ల దగ్గర్నుంచి ఏదొచ్చినా మాట్లాడటానికి మీ దగ్గర సరుకుంటుంది.